గాయం మానినా చెయ్యి, కాలు నొప్పి తగ్గనప్పుడు: మెదడు పాత్ర, ఇంటి వద్ద సాధన

ఎముక అతికి, పుండు మాని, ఎక్స్‌రేలో ఏమీ లేదని తేలిన తరువాత కూడా చెయ్యో కాలో నెలల తరబడి నొప్పి పెడుతూనే ఉండటం గోదావరి డెల్టాలో అరుదైన సంగతి కాదు. కొబ్బరి దింపులో చెట్టు మీద నుంచి జారి మణికట్టు విరిగినవారు, చేపల చెరువు గట్టు మీద మోటారు సైకిలు పడి చీలమండ దెబ్బతిన్నవారు, చక్కెర వ్యాధి ముదిరి కాలు తీయించుకున్నవారు, ఏళ్ల తరబడి బురదలో వంగి ఊడ్పులు ఊడ్చి మోకాళ్లు అరగదీసుకున్నవారు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. వీరిలో కొందరికి కట్టు విప్పిన తరువాతే అసలు కష్టం మొదలవుతుంది. చెయ్యి ఉబ్బుతుంది, రంగు మారుతుంది, చొక్కా తగిలినా ఓర్వలేనంత మంట పుడుతుంది. ఇంట్లోవారు కొన్నాళ్లు జాలిపడి, ఆ తరువాత "అంతా నీ మనసులోనే ఉంది" అనడం మొదలుపెడతారు.

ఆ మాట తప్పు, పైగా హాని చేసే మాట. ఈ నొప్పి నిజమైనది. అయితే అది ఇప్పుడు కేవలం ఎముకలోనో కండలోనో పుట్టడం లేదు. దీర్ఘకాలం సాగిన నొప్పి వల్ల వెన్నుపాములోనూ మెదడులోనూ కొన్ని మార్పులు వస్తాయి, ఆ మార్పులు నొప్పిని నిలబెట్టి పెంచుతూ ఉంటాయి. మెదడు సాధనను బట్టి మారగలదు కనుక, ఆ మార్పులలో చాలా భాగాన్ని వెనక్కి తిప్పే ప్రయత్నం ఇంటి వద్ద కూడా చేయవచ్చు. ఆ ప్రయత్నాన్ని ఏ క్రమంలో, ఎంత నెమ్మదిగా, ఏ జాగ్రత్తలతో చేయాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. మూడు నెలలు దాటిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. కింద చెప్పిన సాధన ప్రధానంగా అటువంటివారి కోసం, అదీ డాక్టరు ఒకసారి పరీక్షించిన తరువాతనే.

మొదటి మెట్టు: వేరే జబ్బు లేదని తేల్చుకోవడం

మెదడు సంగతి ఆలోచించే ముందు, అవయవంలో ఇంకా నయం చేయవలసిన జబ్బు ఏదీ మిగిలి లేదని నిర్ధారించుకోవాలి. ఈ మెట్టు దాటవేయడానికి వీల్లేదు.

ఒక కాలి పిక్క మాత్రమే ఉన్నట్టుండి వాచి, వేడెక్కి నొప్పి పెడితే, ముఖ్యంగా ఆపరేషను తరువాతనో చాలా రోజులు మంచం మీద ఉన్న తరువాతనో అలా జరిగితే, లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దానితో పాటు ఆయాసం వస్తే ఒక్క నిమిషం కూడా ఆగకుండా 108కి ఫోను చేయాలి. ఉభయ గోదావరి జిల్లాలలో బోదకాలు వ్యాధి చాలా కాలంగా ఉన్నదే. చలిజ్వరంతో కాలు ఎర్రబడి, గజ్జల్లో బిళ్లలు కడితే అది ఇన్‌ఫెక్షను లక్షణం, దానికి చికిత్స వేరు. చర్మం మీద స్పర్శ తెలియని మచ్చ ఉండి, ఆ చెయ్యో కాలో నరం వెంట నొప్పి లాగుతుంటే కుష్టు పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో దానికి మందులు ఉచితం. కాలి నొప్పితో పాటు మూత్రం, మలం మీద పట్టు తప్పినా, కాలు పడిపోతున్నట్టు బలం తగ్గినా వెన్నెముకను వెంటనే చూపించుకోవాలి. కారణం లేకుండా బరువు తగ్గుతూ, రాత్రిపూట నిద్ర లేపేటంత నొప్పి ఉంటే దానినీ తేలికగా తీసుకోరాదు.

నాటు కట్టు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వెదురు బద్దలు పెట్టి బిగించిన కట్టు కింద వేళ్లు నల్లబడుతున్నా, చల్లబడుతున్నా, తిమ్మిరెక్కుతున్నా, వేళ్లు చాపితే ప్రాణం పోయేంత నొప్పి వస్తున్నా కట్టు వెంటనే విప్పించి ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం ఆడక కండ చచ్చిపోయిన తరువాత ఎంత సాధన చేసినా పోయిన బలం తిరిగి రాదు. ఆసుపత్రిలో వేసిన సిమెంటు కట్టు విషయంలోనూ ఇదే జాగ్రత్త పాటించాలి.

ఇవేవీ కావని తేలిన తరువాత, దెబ్బ తగిలిన చెయ్యి లేదా కాలు రెండవదానికంటే వేడిగానో చల్లగానో ఉండటం, రంగు తేడా, ఒకవైపే చెమట, గోళ్లు, వెంట్రుకలు పెరిగే తీరులో మార్పు, కీళ్లు బిగుసుకోవడం, దెబ్బ తీవ్రతకు మించిన నొప్పి కనిపిస్తే దానిని సంక్లిష్ట ప్రాంతీయ నొప్పి సిండ్రోమ్ అంటారు. ఇది మొదటి నెలల్లో పట్టుకుంటే బాగా లొంగే జబ్బు. నొప్పికి భయపడి చేతిని జోలెలో వేసుకుని కదలనీయకుండా ఉంచడమే దానిని ముదిరేటట్లు చేస్తుంది.

రెండవ మెట్టు: లోపల ఏం జరుగుతోందో అర్థం చేసుకోవడం

ఈ మెట్టు సాధన కాదు, అవగాహన. అయినా చికిత్సలో దీనికి పెద్ద చోటుంది, ఎందుకంటే నొప్పి అంటే అవయవం పాడవుతోందన్న భయమే మనిషిని కదలనీయకుండా చేస్తుంది.

చేతికి దెబ్బ తగిలినప్పుడు అక్కడి నరాలు పంపేది నొప్పిని కాదు, ప్రమాద సంకేతాన్ని మాత్రమే. ఆ సంకేతం వెన్నుపాములోకి, అక్కడి నుంచి మెదడులోకి వెళుతుంది. పరిస్థితినీ పాత అనుభవాన్నీ భయాన్నీ కలిపి చూసుకుని, కాపాడుకోవలసిన అవసరం ఉందని మెదడు లెక్కగట్టినప్పుడు మనకు నొప్పి తెలుస్తుంది. ఈ లెక్క మనం కావాలని వేసేది కాదు, మన ఎరుకలో జరిగేదీ కాదు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనంలో కూడా, నరాలు మోసే సంకేతం వేరు, నొప్పి అనే అనుభవం వేరు అని స్పష్టంగా చెప్పింది.

మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో, వెన్నుపాములో ఈ సంకేతాలకు ఒక ద్వారం వంటి ఏర్పాటు ఉందని ప్రతిపాదించారు. డెల్టావాసులకు దీనిని వివరించడం తేలిక. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ మీద లాకు తలుపులు ఎంత ఎత్తితే కింది చేలకు అంత నీరు పారినట్టే, పైనుంచి మెదడు పంపే ఆదేశాలను బట్టి వెన్నుపాము ఆ సంకేతాలను ఎక్కువగానో తక్కువగానో పైకి వదులుతుంది. నొప్పి నెలల తరబడి సాగినప్పుడు ఈ తలుపులు పైకెత్తి ఉన్న స్థితిలోనే ఉండిపోతాయి. వెన్నుపాములోని నరకణాలు అతి సున్నితమై, మామూలు స్పర్శను కూడా ప్రమాద సంకేతంగా పైకి పంపుతాయి. క్లిఫర్డ్ వూల్ఫ్ 1983లో జంతువులపై చేసిన ప్రయోగాలతో ఈ సంగతిని నిరూపించారు. గాలి తగిలినా, దుప్పటి అంచు తగిలినా మంట పుట్టడానికి కారణం ఇదే.

ఇక మెదడు పైపొరలో, నడినెత్తి నుంచి చెవి వైపు దిగే ఒక పట్టీలో, శరీరమంతటికీ స్పర్శ పటం ఒకటి ఉంటుంది. కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు 1930లలో, మెలకువగా ఉన్న రోగుల మెదడును సన్నని విద్యుత్తుతో తాకి ఈ పటాన్ని గుర్తించారు. అందులో పెదవులకు, వేళ్లకు దక్కిన స్థలం ఎక్కువ, వీపుకు, తొడకు దక్కినది తక్కువ. చేతి భాగం పక్కనే ముఖం భాగం ఉంటుంది. ఈ పటం చిన్నప్పుడు గీసిపెట్టి వదిలేసినది కాదు, వాడకాన్ని బట్టి మారుతూ ఉంటుంది.

సంక్లిష్ట ప్రాంతీయ నొప్పి ఉన్నవారి మెదడును స్కానింగులో చూసిన తొలి పరిశోధనల్లో, నొప్పి ఉన్న చేతి వేళ్ల స్థానాలు పటంలో ఒకదానికొకటి దగ్గరగా జరిగి, ఆ చేతి భాగం కుంచించుకుపోయినట్టు కనిపించింది. చికిత్సతో నొప్పి తగ్గినవారిలో ఆ భాగం తిరిగి మామూలు కొలతకు వచ్చింది. చెయ్యి తీసేసినవారిలో, ఈ పటంలో ఎంత ఎక్కువ మార్పు కనిపిస్తే అంత ఎక్కువగా లేని అవయవంలో నొప్పి ఉంటోందని జర్మనీకి చెందిన హెర్టా ఫ్లోర్ బృందం 1995లో ప్రకటించింది. అయితే 2013లో తమార్ మేకిన్ బృందం ఇంగ్లండులో జరిపిన పరిశోధన ఇందుకు భిన్నంగా, నొప్పి ఎక్కువగా ఉన్నవారిలో పోయిన చేతి పటం చెదరకుండా నిలిచి ఉందని చూపింది. చేతి భాగం నిజంగా కుంచించుకుపోతుందా అన్న విషయంలో కూడా తరువాతి పరిశోధనలు తొలి ఫలితాలతో పూర్తిగా ఏకీభవించలేదు. కాబట్టి "మెదడులో పటం చెదిరింది, అందుకే నొప్పి" అని ఒక్క వాక్యంలో తేల్చేయడం సరికాదు. స్పర్శ, కదలిక, భయం, శ్రద్ధ ఇవన్నీ చూసే భాగాలు కలిసి తీరు మార్చుకున్నాయని అనడం సత్యానికి దగ్గరగా ఉంటుంది.

నాకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చే పరిశోధన తుంటి కీలు అరిగినవారి మీద 2009లో జర్మనీలో వెలువడినది. ఏళ్ల తరబడి తుంటి నొప్పితో బాధపడినవారి మెదడులో కొన్ని చోట్ల నరకణాలు నిండిన బూడిదరంగు పదార్థం తగ్గినట్టు కనిపించింది. తుంటి మార్పిడి శస్త్రచికిత్స జరిగి నొప్పి పోయిన తరువాత మళ్లీ చూస్తే, తగ్గినది తిరిగి పెరిగింది. అంటే ఆ తగ్గుదల నొప్పి వల్ల వచ్చిన మార్పే గాని, మెదడు శాశ్వతంగా పాడైపోవడం కాదు.

ఇంకొక్క మాట. ఈ మార్పులు పరిశోధనలో పదుల మంది ఫలితాలను కలిపి సగటు తీసినప్పుడు కనిపించేవి. ఒక్క మనిషికి మెదడు ఎమ్మారై తీసి ఇదిగో నీ నొప్పి అని ఎవరూ చూపించలేరు. డాక్టరు వేరే అనుమానంతో రాస్తే తప్ప, నొప్పిని చూసుకోవడానికని వేల రూపాయలు పోసి స్కానింగు చేయించుకోవద్దు.

మూడవ మెట్టు: ఇప్పుడున్న స్థితిని కొలుచుకోవడం

సాధన మొదలుపెట్టే ముందు ఒక నోటుపుస్తకం పెట్టుకుని మూడు విషయాలు రాసుకోవాలి.

మొదటిది స్పర్శ. తల పిన్నును విడదీసి, రెండు మొనలూ మొద్దుగా ఉండేటట్టు చూసుకోవాలి. నొప్పి ఉన్నవారు కళ్లు మూసుకుంటే, ఇంట్లో ఒకరు రెండు మొనలనూ ఒకేసారి, చర్మం నొక్కుకోనంత తేలికగా తాకించి, "ఒకటా, రెండా?" అని అడగాలి. మధ్య మధ్య ఒక్క మొననే తాకించాలి, లేకపోతే జవాబు అలవాటుగా వచ్చేస్తుంది. స్కేలుతో కొలుస్తూ మొనల మధ్య దూరం తగ్గించుకుంటూ పోతే, రెండూ ఒకటిగా తోచే దూరం తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి వేలి కొసన అది 2 నుంచి 4 మిల్లీమీటర్లు, అరచేతిలో సుమారు 10, పిక్క మీద 40 దాకా ఉంటుంది. ఈ అంకెల కంటే మీ రెండవ చేతితో, రెండవ కాలితో పోల్చి చూసుకోవడమే ముఖ్యం. నొప్పి ఉన్న వైపు ఆ దూరం బాగా ఎక్కువగా ఉంటే స్పర్శ సాధన మీకు అవసరమని గ్రహించాలి.

రెండవది కళ్లు మూసుకుని ఆ అవయవం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో, ఎంత పరిమాణంలో ఉందో చెప్పడం. నేను చూసిన ఒక కొబ్బరి ఒలుపు కార్మికుడు, కళ్లు మూసుకుంటే తన అరచెయ్యి రెండింతలైనట్టు ఉందని, చిటికెన వేలు ఎక్కడుందో తెలియడం లేదని చెప్పి, కళ్లు తెరిచాక అదే చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. వాపు అప్పటికే చాలావరకు తీసింది. అవయవం పెద్దదైనట్టు, తనది కానట్టు తోచడం ఈ జబ్బులో మామూలే. చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు.

మూడవది పని. గ్లాసు ఎత్తగలరా, చొక్కా గుండీ పెట్టుకోగలరా, ఎంత దూరం నడవగలరు అన్నవి తేదీ వేసి రాయాలి. నొప్పిని 0 నుంచి 10 వరకు అంకె వేసి వారానికి ఒకసారి రాస్తే చాలు. రోజూ గంటగంటకూ రాయడం వల్ల ధ్యాసంతా నొప్పి మీదికే పోతుంది.

నాలుగవ మెట్టు: స్పర్శను తిరిగి నేర్పడం

ఆముదం వేడిచేసి మర్దన చేస్తే కొంత హాయి కలుగుతుంది, కాదనను. కాని మెదడుకు పాఠం నేర్పేది తాకడం ఒక్కటే కాదు, తాకిన చోటునూ తాకిన వస్తువునూ గుర్తుపట్టే ప్రయత్నం. ఆస్ట్రేలియాకు చెందిన లోరిమర్ మోస్లీ బృందం 2008లో చూపినది ఇదే. అదే తీరున తాకినా, ఎక్కడ, దేనితో తాకారో గుర్తుపట్టమని అడిగినప్పుడే నొప్పి తగ్గింది, ఊరకే తాకినప్పుడు తగ్గలేదు.

ఒక కాగితం మీద నొప్పి ఉన్న చేతి బొమ్మ గీసి, ఐదు చోట్ల చుక్కలు పెట్టి అంకెలు వేయాలి. అవే చోట్ల చేతి మీద కూడా పెన్నుతో గుర్తులు పెట్టాలి. పెన్ను మూత వంటి వెడల్పు వస్తువొకటి, పెన్ను మొద్దు కొస వంటి సన్నని వస్తువొకటి తీసుకుని, సహాయకులు ఏదో ఒక చుక్క మీద తాకించాలి. సాధన చేసేవారు కళ్లు మూసుకుని "మూడు, మూత" అన్నట్టు అంకె, వస్తువు రెండూ చెప్పాలి. తప్పు చెబితే కళ్లు తెరిచి చూసి సరిచేసుకోవాలి. పావు గంట చొప్పున రోజుకు రెండుసార్లు చేస్తే చాలు. పదింటిలో ఎనిమిది వరకు సరిగా చెప్పగలిగిన తరువాత చుక్కలను ఇంకా దగ్గరగా జరపాలి.

చేతిని తాకనివ్వలేనంత మంట ఉన్నవారు నొప్పి లేని మోచేతి పై భాగం నుంచి మొదలుపెట్టి, రోజుకు కొద్దికొద్దిగా కిందికి రావాలి. దూదితో మొదలుపెట్టి, పాత నూలు చీర ముక్క, తువ్వాలు, గోనె, చివరకు కొబ్బరి పీచు వరకు వెళ్లవచ్చు. ఆ పై దశలో ఒక బేసినులో నూకలైనా పొడి ఇసుకైనా పోసి, అందులో చింతపిక్కలు, గవ్వలు, గుండీలు, రూపాయి బిళ్లలు దాచి, చూడకుండా వేళ్లతో వెతికి ఏది ఏదో చెప్పి తీయాలి. ఇంట్లో పిల్లలుంటే ఈ పని వారికి అప్పగించండి. వాళ్లు విసుగు లేకుండా దాచిపెడతారు, సాధన ఆటలా సాగిపోతుంది.

చక్కెర వ్యాధి వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు మాత్రం ఇసుక, పీచు, వేడినీళ్లు వాడకూడదు. వారికి తెలియకుండానే పుండు పడుతుంది.

ఐదవ మెట్టు: కుడి ఎడమలను గుర్తుపట్టడం

ఇక్కడి నుంచి వచ్చే మూడు మెట్లనూ కలిపి క్రమబద్ధమైన కదలికల ఊహా సాధన అంటారు. మోస్లీ 2004లో దీర్ఘకాలిక సంక్లిష్ట ప్రాంతీయ నొప్పి ఉన్నవారి మీద దీనిని ఒక్కొక్క దశకు రెండేసి వారాల చొప్పున పరీక్షించి, నొప్పి, వాపు తగ్గాయని ప్రకటించారు. క్రమం మార్చితే ఫలితం తగ్గుతుందని మరుసటి సంవత్సరం చూపారు. తరువాత ఇంగ్లండులోని రెండు కేంద్రాలలో అదే పద్ధతి వాడినప్పుడు ఆశించిన మేలు కనిపించలేదన్న సంగతి కూడా పాఠకులకు తెలిసి ఉండాలి. అందుచేత దీనిని హామీ ఇవ్వగల చికిత్సగా కాక, ఖర్చు దాదాపు లేని, జాగ్రత్తగా చేస్తే ప్రమాదం తక్కువ ఉన్న ప్రయత్నంగా చూడాలి.

బొమ్మలో ఉన్నది కుడి చెయ్యా, ఎడమ చెయ్యా అని చెప్పడానికి మెదడు మన చేతిని లోలోపలే తిప్పి చూసుకుంటుంది. చెయ్యి మాత్రం కదలదు. కదలికకు సంబంధించిన భాగాలు నొప్పి గంట మోగకుండానే పనిచేయడం మొదలుపెడతాయి. ఇంట్లో ఒకరి కుడి చేతిని పైనుంచి, కిందినుంచి, పక్కనుంచి, వేళ్లు ముడిచి, చాపి, ఏదో పట్టుకుని ఉండగా ఫోనులో ముప్పై నలభై ఫొటోలు తీయండి. ఫోనులోని ఎడిటింగులో ఫొటోను అద్దంలోలా తిరగేసే ఏర్పాటు ఉంటుంది. దానితో అవే ఫొటోలు ఎడమ చేతివిగా తయారవుతాయి. కుడివీ ఎడమవీ కలగాపులగం చేసి, ఒక్కొక్కటీ చూస్తూ వెంటనే చెప్పాలి. సొంత చేతిని తిప్పి చూసుకోకూడదు. రెండు వైపులా పదింటిలో ఎనిమిదికి మించి సరిగా, ఒక్కో బొమ్మకు సుమారు రెండు సెకన్లలో చెప్పగలిగితే తరువాతి మెట్టుకు వెళ్లవచ్చు. కాలి నొప్పి ఉన్నవారు పాదాల ఫొటోలు వాడాలి.

అమలాపురం నుంచి రావులపాలెం వెళ్లే బస్సులో కూర్చుని, టిక్కెట్టు ఇచ్చే చెయ్యి, పూల దండ పట్టుకున్న చెయ్యి, కిటికీ కమ్మీ పట్టుకున్న చెయ్యి కుడిదా ఎడమదా అని మనసులో చెప్పుకోవడం కూడా సాధనే.

ఆరవ మెట్టు: కదలికను ఊహించడం

నిశ్శబ్దంగా కూర్చుని, నొప్పి ఉన్న చేతిని కదిలించకుండా, అది హాయిగా కదులుతున్నట్టు ఊహించాలి. ఎదుటివారి చేతిని చూస్తున్నట్టు కాక, తన కళ్లతో తన చేతిని చూస్తున్నట్టు ఊహించడం ముఖ్యం. వేళ్లు నెమ్మదిగా చాపడం, గ్లాసు పట్టుకోవడం, అన్నం కలపడం, జడ అల్లడం, చివరకు వరి నారు కట్ట విప్పడం అనే వరుసలో తేలికవాటి నుంచి కష్టమైనవాటికి వెళ్లాలి. ఊహే కదా అని తొందరపడకూడదు. తీవ్రమైన నొప్పి ఉన్నవారిలో కదలికను ఊహించినంత మాత్రాన నొప్పితో పాటు వాపు కూడా పెరిగినట్టు పరిశోధనల్లో కొలిచి చూపారు. అలా జరిగితే ఊహ చిన్నదిగా చేసుకోవాలి, లేదా ఐదవ మెట్టుకు తిరిగి వెళ్లాలి.

ఏడవ మెట్టు: అద్దం

అద్దంతో చికిత్సను ప్రపంచానికి పరిచయం చేసినది తమిళనాడులో పుట్టి అమెరికాలో పనిచేసిన విలయనూర్ రామచంద్రన్. చెయ్యి తీసేసినవారికి లేని చెయ్యి బిగిసిపోయి నొప్పి పెడుతున్నట్టు తోచేటప్పుడు, ఉన్న చేతి ప్రతిబింబాన్ని ఆ స్థానంలో చూపిస్తే కొందరికి ఆ బిగువు సడలినట్టు ఆయన 1990లలో గమనించారు.

అద్దాల దుకాణంలో రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న మామూలు అద్దం కోయించి, అంచులు అరగదీయించి, చుట్టూ టేపు అంటించాలి. బల్ల ముందు కూర్చుని, అద్దాన్ని శరీరానికి సరిగ్గా మధ్యన, దాని మెరిసే ముఖం నొప్పి లేని చేతి వైపు ఉండేటట్టు నిలబెట్టాలి. నొప్పి ఉన్న చెయ్యి అద్దం వెనుక పూర్తిగా కనబడకుండా ఉండాలి. తల కొంచెం వంచి అద్దంలోకి చూస్తే, నొప్పి ఉన్న చెయ్యే బాగున్నట్టు కనిపిస్తుంది. ఉంగరం, వాచీ, గాజులు, దారం తీసేయాలి. ఒక చేతికి పచ్చబొట్టు ఉంటే గుడ్డ చుట్టాలి. ఈ చిన్న తేడాలు ఉంటే అది తన చెయ్యి కాదని మెదడు వెంటనే పసిగడుతుంది. గాజులు తీయడం ఇష్టం లేని స్త్రీలు రెండు చేతులకూ ఒకే రకం గాజులు వేసుకుంటే సరిపోతుంది.

మొదటి రెండు మూడు రోజులు ఊరకే చూడాలి. ఆ తరువాత బాగున్న చేతిని మాత్రమే నెమ్మదిగా కదిలిస్తూ, రెండు చేతులూ కదులుతున్నట్టు భావిస్తూ చూడాలి. అది ఇబ్బంది లేకుండా సాగితే, వెనుకనున్న చేతిని కూడా నొప్పి పెరగనంత మేరకు, చాలా చిన్నగా, దానితో పాటు కదిలించాలి. ఒక్కోసారి ఐదు నిమిషాలు చాలు, రోజుకు నాలుగైదుసార్లు చేయవచ్చు. అరగంట ఏకబిగిన చేయడం కంటే ఇది మేలు. కాలికైతే చాప మీద గోడకు ఆనుకుని కూర్చుని, రెండు కాళ్ల మధ్య అద్దాన్ని పొడవుగా నిలబెట్టాలి. కాలు తీయించుకున్నవారు మోడు భాగాన్ని అద్దం వెనుక ఉంచి, లేని పాదాన్ని కూడా ప్రతిబింబంతో పాటు కదిలిస్తున్నట్టు భావించాలి.

కొందరికి అద్దంలో చూడగానే కళ్లు తిరుగుతాయి, వికారం వస్తుంది, ఏడుపు ముంచుకొస్తుంది. అప్పుడు అద్దం పక్కన పెట్టి వెనుక మెట్టుకు వెళ్లాలి, పట్టుదలకు పోవద్దు. జబ్బు కొత్తగా ఉన్నవారికి అద్దం బాగా పనిచేసి, ఏళ్ల తరబడి ముదిరినవారికి నేరుగా అద్దం పెడితే పనిచేయకపోవడం ఇంగ్లండులో 2003లో వచ్చిన పరిశోధనలో కనిపించింది. ఐదవ, ఆరవ మెట్లు ఎందుకు దాటవేయకూడదో దీనివల్ల తెలుస్తుంది. రెండు చేతులూ నొప్పిగా ఉన్నవారికి ఈ మెట్టు పనికిరాదు.

ఎనిమిదవ మెట్టు: పనిలోకి తిరిగి వెళ్లడం

సాధన అంతా చేసి ఇక్కడ చెడగొట్టుకునేవారే ఎక్కువ. నొప్పి తగ్గిన రోజున పేరుకుపోయిన పనంతా చేసేసి, మరునాటి నుంచి వారం పాటు మంచం పట్టి, లేవగానే మళ్లీ అదే పని చేస్తారు. ఇలా జరిగిన ప్రతిసారీ పని అంటే ప్రమాదమేనన్న పాఠం మెదడులో ఇంకా గట్టిపడుతుంది.

దీనికి విరుగుడు, నొప్పిని బట్టి కాక ముందుగా అనుకున్న కొలతను బట్టి పనిచేయడం. కాలువ గట్టు మీద నడిచేవారు కరెంటు స్తంభాలను లెక్కపెట్టుకోవచ్చు. నొప్పి ఎక్కువగా ఉన్న రోజున కూడా ఐదు స్తంభాల దూరం నడవగలిగితే, నాలుగు స్తంభాలతో మొదలుపెట్టాలి. నొప్పి లేని రోజున కూడా నాలుగే నడవాలి, నొప్పి ఉన్న రోజున కూడా నాలుగూ నడవాలి. అలా వారం గడిచిన తరువాత ఒక స్తంభం పెంచాలి. నడిచాక నొప్పి కొంచెం పెరిగి, మరునాటి ఉదయానికి మామూలు స్థాయికి వస్తే భయపడనక్కర్లేదు. రెండు రోజులకు కూడా తగ్గకపోతే పెంచినది ఎక్కువైందని లెక్క.

సార్వా ఊడ్పులకు వెళ్లదలచినవారు ఊడ్పులు మొదలయ్యే వారంలో కాక, వేసవిలోనే వంగి లేవడం, గట్టు మీద నడవడం, తరువాత మెత్తని నేలలో నిలబడటం అనే వరుసలో అలవాటు చేసుకోవాలి. చెట్టు ఎక్కే పని మాత్రం పట్టు, బలం రెండు చేతులకూ సమంగా వచ్చాయని ఫిజియోథెరపిస్టు చూసి చెప్పే వరకు వద్దు.

మందులు, నిద్ర, ఇంట్లోవారు

అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, డ్యులాక్సిటిన్ వంటి మందులు డాక్టరు రాస్తే, అవి మనోవ్యాధి మందులనో ఫిట్స్ మందులనో ఎవరో చెప్పిన మాట విని మానేయకండి. ఇవి నరాల సంకేతాలను శాంతపరుస్తాయి గనుకనే నొప్పికీ వాడతారు. పూర్తి ప్రభావం కనబడడానికి వారాలు పడుతుంది. మత్తు, తూలు ఉంటాయి కనుక మొదట్లో బండి నడపడం, పడవ మీద నిలబడటం, చెట్టు ఎక్కడం వద్దు. డాక్టరును అడగకుండా ఉన్నట్టుండి ఆపకూడదు. వారం వారం వేయించుకునే నొప్పి ఇంజెక్షన్లు మాత్రం ఈ రకం నొప్పికి పెద్దగా పనిచేయవు, మూత్రపిండాలనూ కడుపునూ దెబ్బతీస్తాయి. వాటి మీద డబ్బు పోసి ఒళ్లు గుల్ల చేసుకున్నవారిని చూస్తే నిజంగా బాధ కలుగుతుంది.

నిద్ర చాలని మరునాడు నొప్పి పెరుగుతుంది. కాబట్టి పడుకునే వేళ, లేచే వేళ నిలకడగా ఉంచుకోవాలి. దిగులు కమ్మి, బతకాలనిపించనంత బాధ ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లోవారు "నొప్పి ఎలా ఉంది?" అని పదేపదే అడగడం మాని, "ఇవాళ సాధన ఎంతవరకు వచ్చింది?" అని అడగాలి. అన్ని పనులూ వాళ్లే చేసిపెట్టకూడదు, నటిస్తున్నావని నిందించనూ కూడదు.

మార్పు వచ్చే వరుసను కూడా ముందే తెలుసుకోవడం మంచిది. సాధారణంగా మొదట స్పర్శ, కుడి ఎడమల గుర్తింపు మెరుగుపడతాయి, తరువాత పనులు చేయగలుగుతారు, నొప్పి అన్నిటికంటే చివర తగ్గుతుంది. అందుకే మూడవ వారంలో నొప్పి అంకె అలాగే ఉందని సాధన ఆపేయవద్దు. మూడవ మెట్టులో చెప్పిన కొలతలను నెలకు ఒకసారి మళ్లీ తీసి పుస్తకంలో పాతవాటి పక్కనే రాయండి. రెండు నెలలు శ్రద్ధగా చేసినా ఏ కొలతా మారకపోతే, లేదా కీళ్లు ఇంకా బిగుసుకుపోతుంటే, ఆ పుస్తకం తీసుకుని ఫిజియోథెరపీ, ఎముకల, నరాల విభాగాలు ఒకేచోట ఉన్న కాకినాడ ప్రభుత్వ సార్వజనిక ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రికి వెళ్లి, ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో చూపించి అడగండి.